బండి మూలుగుతోంది... నొప్పి ఎక్కడ?

ఆదివారం తెల్లవారితే చాలు... మర్రిచెట్లకు పేరుపడ్డ చేవెళ్ల రోడ్డు మీద మోటారు సైకిళ్ల వరుస మొదలవుతుంది. హైదరాబాద్‌లో బయల్దేరి, మన్నెగూడ దగ్గర వికారాబాద్ వైపు మళ్లి, అనంతగిరి గుట్టలెక్కి, కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లు చూసి... ఇంకా ఓపికున్నవాళ్లు పెద్దేముల్ మీదుగా తాండూరు దాకా వెళ్లొస్తారు. వెనక సీటు మీద భార్యో స్నేహితుడో ఉంటారు. రెండు పక్కలా సంచులు వేలాడుతుంటాయి. రోజూ ఆఫీసుకి పది కిలోమీటర్లు తిరిగే బండి ఆ ఒక్కరోజులో రెండొందల పైచిలుకు తిరుగుతుంది.

సరిగ్గా అలాంటి రోజే బండి గొంతు మారుతుంది. పొద్దున లేని వణుకు మధ్యాహ్నానికి హ్యాండిల్లోకి వస్తుంది. కాళ్ల కింద జివ్వుమంటుంది. ఎక్కడి నుంచో 'గుర్రు' మంటూ ఓ చప్పుడు మొదలై, వేగంతోపాటే పెరుగుతుంది. చుట్టూ కందిచేలు. మెకానిక్ షాపు చూస్తే తాండూరులోనో, వికారాబాద్‌లోనో. ఏం చేయాలి?

చాలామంది చేసేది రెండే పనులు. 'ఏం కాదులే, ఇంటికెళ్లాక చూద్దాం' అనుకుని అదే వేగంతో వెళ్లిపోవడం ఒకటి. కనిపించిన మొదటి షాపు ముందు ఆపి, 'ఇంజిన్లో ఏదో సౌండొస్తోంది' అనడం రెండోది. మొదటి పని ప్రాణం మీదికి తెస్తుంది. రెండోది జేబు మీదికి తెస్తుంది. ఎందుకంటే ఇంజిన్ అనే మాట వినగానే ఇంజిన్ విప్పేవాళ్లు ఉంటారు. బోరు పని అయ్యాక తీరా చూస్తే, ఆ చప్పుడు వెనక చక్రం బేరింగుదని తేలుతుంది. బేరింగు ఖర్చుకీ బోరు పని ఖర్చుకీ పోలికే లేదు!

తప్పు చెవిది కాదు, అడిగే ప్రశ్నది. 'చప్పుడు ఎక్కడ వస్తోంది?' అని అందరూ అడుగుతారు. కానీ బండి ఫ్రేము ఇనుపది. వెనక చక్రంలో పుట్టిన చప్పుడు ఆ ఇనుము వెంట పాకి సీటు కిందా, ట్యాంకు దగ్గరా వినిపిస్తుంది. హెల్మెట్ పెట్టుకుని, గాలి హోరులో అది ఎక్కడిదో పోల్చుకోవడం ఆరితేరిన మెకానిక్‌కే కష్టం. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. 'ఈ చప్పుడు దేని వెంట నడుస్తోంది?' ఇంజిన్ వేగం పెరిగితే పెరుగుతోందా? చక్రం వేగంతో పెరుగుతోందా? బరువు పడితే వస్తోందా? బ్రేకు పట్టితే వస్తోందా? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే సగం రోగం తెలిసినట్టే. అందుకు ఒక్క పానా కూడా అక్కర్లేదు.

వణుకంతా రోగం కాదు

ముందు ఒక మాట. ప్రతి వణుకూ జబ్బు కాదు. మోటారు సైకిలన్నాక కొంత వణుకు దాని స్వభావం. సిలిండర్‌లో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఒక్కో చుట్టులో రెండుసార్లు టక్కున ఆగి, వెనక్కి మళ్లుతుంది. ఆ కుదుపు ఎక్కడికి పోతుంది? ఫ్రేములోంచి హ్యాండిల్‌కి, ఫుట్‌రెస్టుకి, సీటుకి. ఒకే సిలిండర్ ఉన్న పెద్ద ఇంజిన్లలో ఇది మరీ ఎక్కువ.

1955లో మద్రాసులో తయారీ మొదలైన బుల్లెట్ సంగతే చూడండి. పాతతరం 350 ఇంజిన్లో పిస్టన్ వ్యాసం 70 మిల్లీమీటర్లు. అది పైకీ కిందికీ తిరిగే దూరం 90 మిల్లీమీటర్లు. అంత పొడవునా కొట్టుకునే బరువును సరితూచేందుకు విడిగా ఏర్పాటేమీ లేదు. అందుకే తెల్లారి ఆ బండి స్టార్ట్ చేస్తే వీధి మొత్తానికి తెలిసేది. అదే కంపెనీ 2020లో తెచ్చిన మీటియర్ 350 ఇంజిన్లో బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టింది. ఇది ఇంజిన్‌కి ఎదురు దిశలో, అదే వేగంతో తిరిగే ఓ బరువు కడ్డీ. పిస్టన్ ఒకవైపు కుదిపితే ఇది రెండోవైపు కుదుపుతుంది. రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే బ్రిటిష్ ఇంజినీరు ఇలాంటి కడ్డీలను కనిపెట్టాడు.

కాబట్టి పాత బుల్లెట్ వణికితే అది దాని నడక. కొత్త మీటియర్ అలాగే వణికితే అది జబ్బు. తన బండి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ముందుగా తెలిసినవాడికే మార్పు తెలుస్తుంది. పిల్లాడి ఏడుపులో తేడా తల్లికి తెలిసినట్టు!

ఓ చిన్న లెక్క

నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజిన్ సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. ఇక చక్రం సంగతి. మామూలు టూరింగ్ బండి వెనక టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు సుమారు 11 చుట్లే తిరుగుతుంది.

ఒకటి 50. రెండోది 11. ఈ తేడాని చేతులు గుర్తుపడతాయి. సెకనుకు 50 సార్లు వచ్చే వణుకు సన్నగా, కరెంటు పాకినట్టు జివ్వుమంటుంది. చేతులు తిమ్మిరెక్కుతాయి. అద్దంలో వెనక లారీ అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. సెకనుకు 11 సార్లు వచ్చేది అలా కాదు. దడదడలాడుతుంది. హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతున్నట్టో, సీటు కింద ఎవరో గుద్దుతున్నట్టో ఉంటుంది. మొదటిది ఇంజిన్ వైపు వేలు చూపిస్తుంది. రెండోది చక్రాల వైపు.

ఇప్పుడు ఫోన్లలోనే చప్పుడు ఎంత తరచుగా కొట్టుకుంటోందో చూపించే యాప్‌లు ఉన్నాయి. ఆగి ఉన్న బండి దగ్గర వాటిని వాడుకోవచ్చు. కానీ ఫోన్‌ని హ్యాండిల్‌కే బిగించి ఊరూరా తిప్పేవాళ్లకి ఓ హెచ్చరిక. పెద్ద ఇంజిన్ల మోటారు సైకిళ్ల వణుకు తగిలితే ఐఫోన్ కెమెరా పనితీరు దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ సంస్థే చెప్పింది. ఫోన్ కెమెరానే పాడుచేసే వణుకు నట్లూ బోల్టుల్ని వదిలిపెడుతుందా?

ఐదు పరీక్షలు

వాహనాలు లేని, తిన్నని రోడ్డు ఉండాలి. వెనక ఎవరూ రాకూడదు. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి. పరీక్ష పేరుతో చేతులు వదిలి చూడటం చావుతో ఆట.

మొదటిది, బండి ఆపి న్యూట్రల్లో యాక్సిలరేటర్ ఇవ్వడం. నిలబడి ఉన్నప్పుడు కూడా అదే చప్పుడు, అదే వణుకు వస్తే చక్రాలకీ చైనుకీ సంబంధం లేదు. ఇంజిన్, సైలెన్సర్, ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే బోల్టులు... వీటిలోనే ఏదో ఒకటి. ఎంత రేస్ చేసినా రాకపోతే మిగతా పరీక్షలకు వెళ్లాలి.

రెండోది, అరవైలో వెళ్తూ క్లచ్ పట్టి యాక్సిలరేటర్ వదిలేయడం. ఇంజిన్ నెమ్మదిస్తుంది, బండి మాత్రం అదే ఊపున సాగుతుంది. చప్పుడు అలాగే ఉండి, బండి వేగం తగ్గేకొద్దీ తగ్గితే... అది చక్రం, టైరు, బేరింగు, చైను వీటిలోదే. క్లచ్ పట్టగానే మాయమైతే ఇంజిన్‌ది, లేదా బరువు పడితేనే పలికే భాగానిది. అన్నిటికంటే ఎక్కువ చెప్పే పరీక్ష ఇదే.

మూడోది, అదే వేగంలో గేరు మార్చడం. అరవైలో టాప్ గేరులో కాసేపు, ఒక గేరు తగ్గించి కాసేపు వెళ్లాలి. చక్రం వేగం మారలేదు, ఇంజిన్ వేగం మారింది. వణుకు మారితే ఇంజిన్‌ది. మారకపోతే చక్రాలది.

నాలుగోది, యాక్సిలరేటర్ ఇచ్చి, వదిలి చూడటం. ఇచ్చినప్పుడూ వదిలినప్పుడూ వెనక నుంచి 'ఠక్'మని కుదుపు వస్తే చైను వదులైనా అయ్యుండాలి, వెనక డ్రమ్ములోని రబ్బర్లు అరిగైనా ఉండాలి. గుట్ట ఎక్కేటప్పుడు, పెద్ద గేరులో బలవంతంగా లాగినప్పుడు ఇంజిన్లోంచి గాజుగోళీలు కొట్టుకున్నట్టు వినిపిస్తే... పెట్రోలు సరైన సమయానికి కాకుండా తన ఇష్టప్రకారం పేలుతోందని అర్థం. వెంటనే గేరు తగ్గించాలి.

ఐదోది, బ్రేకు. ముందు బ్రేకు మెల్లగా పట్టినప్పుడు లివర్ వేళ్లకి కొట్టుకుంటుంటే డిస్కు ఒంకర పోయింది. హ్యాండిల్ దగ్గర 'టక్'మంటే కోన్‌సెట్ వదులైంది. ఇనుము ఇనుముతో రాసుకున్నట్టు కీచుమంటే బ్రేకు ప్యాడ్ అయిపోయి, దాని వెనక రేకు డిస్కుని గీకుతోంది.

చక్రాల సంగతి

పరీక్షలు చక్రాల వైపు చూపిస్తే, ముందు చూడాల్సింది చాలా చిన్న విషయం... బురద! తాండూరు చుట్టుపక్కలది నల్లరేగడి. వానాకాలం చేల పక్క దారిలో దిగి వచ్చిన బండి రిమ్ముకి లోపలివైపు ఓ ముద్ద అతుక్కుని ఎండిపోతే చాలు, చక్రం ఒకవైపు బరువెక్కుతుంది. డెబ్బై దాటగానే హ్యాండిల్ దడదడలాడుతుంది. పుల్ల పెట్టి గీకేస్తే పోయే జబ్బు అది.

తర్వాత టైరు. చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. టైరు చుట్టూ తడిమితే ఎక్కడైనా గుబ్బ తగిలిందంటే గుంతలో పడ్డప్పుడు లోపలి దారాలు తెగాయన్నమాట. అలాంటి టైరుతో వేగంగా వెళ్లడమంటే ప్రమాదాన్ని పిలవడమే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. పైన గాడులు బాగానే కనిపిస్తున్నా, ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడిపోతుంది, బీటలిస్తుంది. తక్కువ తిరిగి ఎక్కువకాలం నీడలో నిలబడ్డ బండ్లకి ఇది బాగా వర్తిస్తుంది.

చువ్వల చక్రమైతే ఓ చిన్న పానాతో ఒక్కో చువ్వనీ తట్టి వినాలి. బిగుతుగా ఉన్నవి 'టింగ్'మంటాయి. వదులైనది 'టప్'మంటుంది. సంతలో కుండ కొనేముందు వేలితో తట్టి చూడని ఇల్లాలు ఉంటుందా? కంగుమంటే మంచిది, బొంగురు పోతే పగులు. చువ్వ విషయంలోనూ చెవి చేసే పని అదే.

ఇక బేరింగు. సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని పైన ఓ చేత్తో, కింద ఓ చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదపాలి. ఏమాత్రం టకటకలాడినా బేరింగు పోయినట్టే. చక్రం చేత్తో తిప్పితే గరగర వినిపించినా అంతే. బేరింగులు అరగడం మామూలే. కానీ వాటిని ముందుగానే చంపేది మనవాళ్ల అతి శుభ్రత. వాటర్ సర్వీసింగ్ పేరుతో నీళ్ల గొట్టాన్ని నేరుగా చక్రం మధ్యలోకి గురిపెడితే, ఆ ఒత్తిడికి నీళ్లు సీలు దాటి లోపలికి పోతాయి. గ్రీజు కొట్టుకుపోతుంది, తుప్పు పడుతుంది. కొన్ని వారాల తర్వాత 'గుర్రు' మొదలవుతుంది.

ప్రయాణం మధ్యలో ఆగినప్పుడు మరో పని చేయొచ్చు. ఈ ప్రాంతంలో రైలు కూత కొత్తేమీ కాదు. నిజాం కాలంలో, 1874లోనే సికింద్రాబాద్ నుంచి వికారాబాద్, తాండూరు మీదుగా వాడి దాకా రైలు నడిచింది. రైలు స్టేషన్లోకి వస్తుంటే పట్టాల పక్కన నిలబడి పెట్టెల చక్రాల చప్పుడు వినే సిబ్బంది రైల్వేలో ఉంటారు. చక్రం ఒకచోట చదునుగా అరిగితే ప్రతి చుట్టుకీ ఒక దెబ్బ వినిపిస్తుంది. ఇరుసు వేడెక్కిందేమోనని కూడా చూస్తారు. బండికీ అదే సూత్రం. ఆగగానే రెండు చక్రాల మధ్య భాగం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి చూడాలి. ముందు తాకకుండా, వేడి తెలిసేంత దగ్గరగా. డిస్కుని మాత్రం ముట్టుకోకూడదు, కాలుతుంది. బ్రేకు పెద్దగా వాడకుండానే ఒక చక్రం మధ్య భాగం బాగా వేడిగా ఉందంటే... బేరింగు ఏడుస్తోంది, లేదంటే బ్రేకు పట్టేసి ఉంది.

దుమ్ము తిన్న చైను

తాండూరు పేరు చెబితే నాపరాయి గుర్తొస్తుంది. గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి చుట్టూ తిరిగే లారీలు. రోడ్ల మీద రాతిపొడి తప్పదు. ఆయిల్ రాసిన చైనుకి ఆ పొడి అంటుకుంటే తయారయ్యేది ఉప్పుకాగితం లాంటి ముద్ద. కిలోమీటరు కిలోమీటరుకీ అది చైనునీ స్ప్రాకెట్ పళ్లనీ అరగదీస్తూనే ఉంటుంది. పాత ఆయిల్ మీదే కొత్త ఆయిల్ పోస్తే ముద్ద ఇంకా చిక్కనవుతుంది. ముందు తుడవాలి, తర్వాతే రాయాలి. తుడిచేటప్పుడు ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా గుడ్డ పెట్టి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

చైను వదులు ఎంతుండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. చాలా బండ్లకి అది 20 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య. ఒక్కచోటే చూసి సరిపెట్టకూడదు. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. ఒకచోట వదులుగా, మరోచోట బిగుతుగా ఉంటే చైను ఎగుడుదిగుడుగా సాగిందని అర్థం. బండి ఆగి ఆగి లాగుతున్నట్టు ఉండటానికి అదీ ఓ కారణం. వెనక స్ప్రాకెట్ మీద చైనుని వేలితో వెనక్కి లాగితే, పన్ను సగం బయటికి కనిపించిందా? చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాల్సిందే. చైనొక్కటే మారిస్తే అరిగిన పళ్లు కొత్త చైనుని కూడా త్వరగానే తినేస్తాయి.

వదులు ఎంత చెడ్డదో అతి బిగుతు అంతకన్నా చెడ్డది. బిగించిన చైను 'ఊఁ' అంటూ రాగం తీస్తుంది. ఇద్దరు కూర్చుని గుంతలో పడితే దానికి సాగే చోటుండదు. ఆ లాగుడంతా గేర్‌బాక్సు బేరింగుల మీద పడుతుంది. అందుకే చప్పుడు సర్వీసింగ్ తర్వాతే మొదలైతే, ముందు ఆ సర్వీసింగులో ఏం ముట్టుకున్నారో అదే చూడాలి.

ఇంజిన్ గొంతులు

న్యూట్రల్లోనూ చప్పుడు వస్తే అప్పుడు ఇంజిన్ వంతు. అక్కడా కంగారు పడక్కర్లేదు. తల భాగం నుంచి సన్నగా 'టిక్ టిక్' మంటే టాపెట్లు. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి పలుకుతాయి. సరిచేయించుకుంటే పోతుంది. అయితే సైలెన్సర్ బెండ్ పైపు ఇంజిన్‌ని కలిసేచోట గ్యాస్కెట్ పోయినా అచ్చం అలాంటి చప్పుడే వస్తుంది. అక్కడ నల్లటి మసి కనిపిస్తే దొంగ దొరికినట్టే.

న్యూట్రల్లో గలగలమంటూ, క్లచ్ పట్టగానే ఆగిపోతే క్లచ్ వైపు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు కాసేపు వినిపించి, వేడెక్కాక తగ్గితే పిస్టన్ కొద్దిగా వదులైందేమో. వేడెక్కాక కూడా ఇంజిన్ పక్క నుంచి గొలుసు కొట్టుకున్నట్టుంటే టైమింగ్ చైను. ఇంజిన్ అడుగు నుంచి బరువుగా 'ఠక్ ఠక్' మంటూ, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ గట్టిపడితే మాత్రం కనెక్టింగ్ రాడ్ బేరింగు కావచ్చు. అక్కడితో బండి ఆపాలి.

మెకానిక్కులు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకి తాకించి వింటారు. అది డాక్టరు స్టెతస్కోపుకి అన్న. ఒక్కోచోట ఆనించి చూస్తూపోతే ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడే మూలం. నిలబడి ఉన్న బండి మీద, తిరిగే భాగాలకి దూరంగా ఎవరైనా ప్రయత్నించొచ్చు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆయిల్. తిన్నని నేల మీద బండిని నిటారుగా నిలిపి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలయ్యాక చూడాలి. రోజంతా ఒకే వేగంతో పరిగెత్తిన బండి ఆఫీసు బండి కన్నా ఎక్కువ ఆయిల్ తాగుతుంది. ఆయిల్ తగ్గితే ఇంజిన్లో ప్రతి భాగమూ అరుస్తుంది.

సంచుల బరువు... నట్ల వదులు

కొన్ని వణుకులు ఒక్క వేగం దగ్గరే వస్తాయి. డెబ్బైలో ఉండవు, డెబ్బై అయిదులో వచ్చి, ఎనభై అయిదులో పోతాయి. ఇది ఉయ్యాల లెక్క. సరైన సమయానికి చిన్నగా నెట్టినా ఉయ్యాల ఆకాశానికి లేస్తుంది. 1831లో ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర బ్రౌటన్ వేలాడే వంతెన మీద 74 మంది సైనికులు ఒకే అడుగు వేస్తూ నడిస్తే, ఆ ఊపుకి వంతెన కూలింది. ఆ తర్వాత వంతెన మీద అడుగు కలపకుండా నడవమని సైన్యంలో ఆజ్ఞ ఇచ్చారు. బండిలో నంబరు ప్లేటుకి, క్రాష్ గార్డుకి, సంచులు మోసే క్యారియర్‌కి కూడా ఒక్కోదానికి ఒక్కో ఊపు ఉంటుంది. ఇంజిన్ వేగం దానితో కలిసినప్పుడు అది మోగుతుంది. బండి ఆపి, న్యూట్రల్లో అదే ఇంజిన్ వేగం ఇచ్చి, ఒక్కో భాగాన్నీ చేత్తో నొక్కి పట్టుకుంటే... ఏది పట్టుకున్నప్పుడు ఆగిందో అదే దొంగ. సైలెన్సర్ జోలికి మాత్రం వట్టి చేతులతో పోకూడదు.

వణుకు బోల్టుని ఎలా వదులు చేస్తుందో 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు ప్రయోగాలు చేసి చూపించాడు. బోల్టుని నిలువునా లాగినప్పటికంటే, పక్కలకి అటూ ఇటూ కదిపినప్పుడే నట్టు తనంతట తాను తిరిగి ఊడిపోతుందని తేల్చాడు. అందుకే ఇంజిన్ బోల్టులు, ఇరుసు నట్టు, హ్యాండిల్ క్లాంపులు బిగించాక, నట్టు మీదినుంచి పక్క ఇనుము మీదికి పెయింటుతో ఒక గీత గీయాలి. గీత విరిగినట్టు కనిపిస్తే నట్టు తిరిగిందన్నమాట. పొద్దున్నే టీ తాగుతూ రెండు నిమిషాల్లో బండి చుట్టూ చూసుకోవచ్చు. ఖర్చు ఒక చిన్న పెయింటు సీసా.

బరువు సర్దడంలోనూ ప్రమాదం ఉంది. సామానంతా వెనక పెట్టెలోనే కుక్కితే ముందు చక్రం తేలికవుతుంది. వేగం పెరగగానే హ్యాండిల్ పాములా ఊగడం మొదలవుతుంది. అలాంటప్పుడు గట్టిగా బ్రేకు వేయకూడదు. హ్యాండిల్‌తో కుస్తీ పట్టకూడదు. కాస్త ముందుకు వంగి, యాక్సిలరేటర్‌ని మెల్లగా తగ్గిస్తూ ఊగడం ఆగాక పక్కకి తీయాలి. బరువైనవి కిందా, మధ్యలోనూ ఉండాలి. రెండు వైపులా సమానంగా ఉండాలి.

ఆగాలా... సాగాలా?

సాయంత్రం నాలుగు దాటింది. పెద్దేముల్ సెంటర్లో టీ అయ్యింది. పిల్లలు ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నారు. బండి మూలుగుతోంది. నిజమైన ప్రశ్న ఇప్పుడే ఎదురవుతుంది.

నంబరు ప్లేటు మోత, సన్నటి టాపెట్ల టిక్కు, అద్దం వణకడం, సైలెన్సర్ క్లాంపు వదులు... వీటితో నెమ్మదిగా ఇల్లు చేరొచ్చు. కానీ కొన్నింటితో ఒక్క కిలోమీటరు కూడా వెళ్లకూడదు. చక్రం చేత్తో కదిపితే టకటకలాడటం. ఇరుసు నట్టు వదులవడం. టైరు మీద గుబ్బ. చైను పళ్ల మీంచి జారడం. అలా జారిన చైను తెగితే వెనక చక్రం బిగుసుకుపోవచ్చు, ఇంజిన్ కేసింగు పగలొచ్చు. బ్రేకులో ఇనుము గీకుడు. ఇంజిన్ అడుగున బరువైన దెబ్బ, లేదా ఆయిల్ లైటు వెలగడం. వీటిలో ఏది కనిపించినా బండిని అక్కడే వదిలి బస్సెక్కడం పరువు తక్కువ కాదు. ట్రాలీ ఆటోలో తాండూరు చేర్చే ఖర్చు, ఆసుపత్రి ఖర్చు ముందు లెక్కలోకే రాదు. ముఖ్యంగా వెనక సీటు మీద ఇంకొకరు కూర్చున్నప్పుడు!

ఇక మెకానిక్ దగ్గరికి వెళ్లాక చెప్పే మాట. 'అన్నా, బండిల సౌండొస్తుంది' అంటే ఆయన ఎక్కడని వెతకాలి? అదే, 'అన్నా... అరవై దాటితే కిందికెల్లి గుర్రుమంటుంది. క్లచ్ వట్టినా పోతలేదు. న్యూట్రల్ల ఎంత రేస్ జేసినా రాదు. పోయిన వారమే నీళ్ల సర్వీసింగ్ చేయించిన' అని చెప్పి చూడండి. 'గట్లయితే ఇంజిన్ గాదు తమ్మీ, చక్రం ఇప్పుదాం' అంటాడు. రెండు వాక్యాల్లో సగం పని అయిపోయింది. ఇంజిన్ బతికింది. వీలైతే మెకానిక్‌నే ఓ కిలోమీటరు నడిపి చూడమనాలి. పాత భాగం మార్చాక దాన్ని చేతికి తీసుకుని చూడాలి. అరిగిన బేరింగుని వేళ్ల మధ్య తిప్పితే ఆ గరగర ఏమిటో అర్థమవుతుంది. మరోసారి ఆ చప్పుడు వస్తే చెవి తనే గుర్తుపడుతుంది.

తిరిగొచ్చాక ఒక చిన్న నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకుంటే మేలు. ఎన్ని కిలోమీటర్ల దగ్గర మొదలైంది, ఏ వేగంలో, చల్లగానా వేడిగానా, ఎంత బరువుతో. జ్వరం వచ్చిన పిల్లాడి టెంపరేచర్ రాసి పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లే ఇంట్లో, బండికి కూడా ఓ పేజీ ఉంటే తప్పేముంది? ఆ బండి మీద తిరిగేది ఆ ఇంటి మనుషులే కదా!